32 పేజీల కొలువు

తెలుగు పిల్లలు తరాల తరబడి నెల నెలా ఎదురుచూసిన ‘చందమామ’ అచ్చయింది మద్రాసులోనే అయినా, దాని బుర్ర మాత్రం గుంటూరు జిల్లాది. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని ప్రతి కథనూ తిరగరాసి, పిల్లల నోటికి అందే తెలుగులోకి దించిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివారే. ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యానిదీ గుంటూరు జిల్లానే. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షల మంది చదివారు, రాసిందెవరో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. బొమ్మల కింద మాత్రం చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల సంతకాలు కనిపించేవి. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడిని గీసిన శంకర్ 1952లో చేరి, పత్రిక చివరి రోజుల దాకా గీస్తూనే ఉన్నారు. 2020లో కన్నుమూశారు.

కెరీర్ పేజీలో ఈ పాత పేర్లెందుకంటే, పిల్లలకు రాయడం, బొమ్మలు వేయడం అన్నది సరదాగా చేసే పని కాదని, పొద్దున్నే వెళ్లి కూర్చుని చేసే కొలువని వీళ్లు నిరూపించారు కాబట్టి. చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. కానీ పిల్లల బొమ్మల పుస్తకం ఆగలేదు. గత పాతికేళ్లలో వచ్చినంత మంచి బొమ్మల పుస్తకాలు భారతీయ భాషల్లో అంతకుముందెప్పుడూ రాలేదని నా నమ్మకం. చెన్నైలో తూలిక, తారా బుక్స్, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, భోపాల్‌లో ఏకలవ్య, హైదరాబాద్‌లో మంచి పుస్తకం, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్ ఈ పని చేస్తున్నాయి. వీటిలో చాలావాటి పుస్తకాలు తెలుగులోనూ వస్తున్నాయి. కొరత ఉన్నది మొదటి నుంచీ తెలుగులోనే పుట్టి, మన ఊళ్లను చూపించే పుస్తకాలకు. ఆ కొరత తీర్చగలిగినవాళ్లు నరసరావుపేటలో ఇంటర్ చదువుతూనో, ఒంగోలులో డీటీపీ చేస్తూనో, చిలకలూరిపేటలో బీఈడీ అయిపోయి ఖాళీగానో ఉండి ఉంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ముందు ఒక స్పష్టత కావాలి. కథ రాసేసి మధ్య మధ్య బొమ్మలు వేస్తే అది బొమ్మలున్న కథల పుస్తకం. బొమ్మల పుస్తకం వేరు. అందులో సగం కథ మాటల్లో ఉంటుంది, మిగతా సగం బొమ్మల్లో ఉంటుంది. ఏది తీసేసినా రెండోది కుంటుతుంది. చదవడం రాని నాలుగేళ్ల పిల్ల అమ్మ చదువుతుంటే వింటూ బొమ్మ చూస్తుంది. అమ్మ కళ్లు అక్షరాల మీద ఉంటాయి కాబట్టి, బొమ్మలో ఉన్నది ముందు కనిపెట్టేది ఆ పిల్లే. ఆ గెలుపు ఆమెకు దక్కేలా చేయడమే ఈ వృత్తిలో నైపుణ్యం. చెయ్యి ఎంత బాగా తిరిగిందన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. అమరావతి స్తూపం నుంచి తీసుకెళ్లిన ఒక గుండ్రటి ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. సుమారు రెండో శతాబ్దం నాటిది. మదమెక్కిన నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ అందులో చెక్కారు. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మనిషిని తొండంతో చుట్టి విసురుతున్న ఏనుగు, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కింద ఒకావిడ బెదిరి వెనక్కి ఒదిగిపోయింది. అక్షరం ఒక్కటీ లేదు. అయినా ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో, చూస్తున్నవాళ్లకు ఏమనిపించిందో అన్నీ తెలుస్తాయి. బొమ్మల పుస్తకం వేయాలనుకునేవాళ్లు ఆ ఫలకం ఫొటో ఒకటి సంపాదించి, ఏనుగును వదిలేసి కిటికీల్లోని ముఖాలను ఒక్కొక్కటిగా గీసి చూడండి. జనం స్పందన ద్వారా కథ చెప్పడం ఎలాగో ఆ శిల్పి నేర్పుతాడు. చెన్నై దాకా వెళ్లలేనివాళ్లకు అమరావతిలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

ఇప్పుడు మన పొలం దగ్గరికి వద్దాం. మిరప కోతల కాలం. కళ్లంలో కాయలు ఆరబోశారు. మీరు ఐదేళ్ల పాప గొంతుతో ఇలా రాశారనుకోండి: నాన్న కాయలు నెరిపాడు. అమ్మ తాలు ఏరింది. తాత టిక్కీలు కుట్టాడు. నేను మాత్రం ఏ పనీ చేయలేదు. మాటలు ఇంతే. ఇక బొమ్మల్లో చూపించండి. నాన్న నెరుపుతున్న పేజీలో పాప మేకపిల్లను కాయల మీదికి రాకుండా అదిలిస్తోంది. అమ్మ తాలుకాయలు ఏరుతున్న పేజీలో పాప చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. తాత సూదిలో దారం ఎక్కించలేక కళ్లు చిట్లిస్తుంటే, దారం కొస పాప చేతిలో ఉంది. ‘ఏ పనీ చేయలేదు’ అని మాట అంటోంది, బొమ్మ ఒప్పుకోవడం లేదు. వింటున్న పిల్ల ఎగిరి గంతేసి, ‘అబద్ధం! చేసింది!’ అంటుంది. ఆ కేక పుట్టించగలిగితే మీకు ఈ పని వచ్చినట్టే.

అదే కథలో పేజీ తిప్పడాన్ని వాడుకోవడం చూద్దాం. రెండు పేజీల నిండా ఎర్రటి కాయలు పరుచుకుని ఉన్నాయి. కుడి చివర, పై మూలన బొటనవేలంత మబ్బు. మాటల్లో మబ్బు ఊసే లేదు. పేజీ తిప్పగానే గాలి, పరుగులు, నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని లాగుతున్న నీలం పట్టా. అప్పటిదాకా పుస్తకమంతా ఎరుపు, ఈ ఒక్కచోట ఎరుపు పూర్తిగా మాయమై నీలం. వాన పడుతుందన్న భయం ఏమిటో మిరప రైతు ఇంట్లో పెరిగిన పిల్లకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిల్లకు ఆ రంగే చెబుతుంది. ఉప్పలపాడు చెరువు చెట్ల మీద వాలే పెలికాన్లు, కోటప్పకొండకు కదిలే ప్రభలు, పల్నాడులో ఇంటి నిండా పోసిన పత్తి మీద దూకే పిల్లలు, ప్రకాశం పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రి కాపలా, చీరాల మగ్గం గుంటలో ఆడే కాళ్లు: వీటన్నిట్లోనూ పుస్తకాలున్నాయి. కోతల కోసం దూరం ఊళ్ల నుంచి అమ్మానాన్నలతో వచ్చి, బడికి దూరమై, చేల గట్ల మీద గుడిసెల్లో ఉండే పిల్లలున్నారు. వాళ్లకు తమ బతుకు కనిపించే పుస్తకం ఇవ్వాల్సిన బాధ్యత మనకుంది. ఇది నేను సలహాగా చెప్పడం లేదు, అడుగుతున్నాను.

కథ తట్టగానే మంచి కాగితం మీద రంగులు మొదలుపెట్టకండి. ముందు డమ్మీ చేయండి. ఎనిమిది ఏ4 కాగితాలు సగానికి మడిచి మధ్యలో స్టేపుల్ కొడితే 32 పేజీల పుస్తకం వస్తుంది. ప్రెస్సులో పెద్ద షీటును మడిచి కోస్తారు కాబట్టి పిల్లల పుస్తకాలకు 16, 24, 32 లాంటి లెక్కలే ఉంటాయి. మన దగ్గర 16, 24 పేజీలవి ఎక్కువ. ముందు రెండు మూడు పేజీలు పేరుకీ, ప్రచురణ వివరాలకీ పోతాయి. మిగిలినవాటిలో కథ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఊపిరి బిగపట్టాలి, ఏ పేజీ తిప్పితే నవ్వు రావాలి అన్నది పెన్సిల్ గీతలతోనే తేల్చుకోండి. మనిషికి గుండ్రటి తల, పుల్లల్లాంటి చేతులు చాలు. ఆ డమ్మీని పక్కింటి పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ పక్కచూపులు చూశారో ఆ పేజీకి గుర్తు పెట్టండి. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు, బావుందనే అంటారు. వాళ్ల కళ్లు చూడండి.

బొమ్మలు వేయడం రాకపోతే ఈ రంగంలో చోటు లేదనుకోవద్దు. రచయితకు కావాల్సింది తీసేసే ధైర్యం. వంద మాటల కథలో బొమ్మ చెప్పేసినవి తీసేస్తే నలభై మిగలాలి. ఇక ఎడిటర్ ఉంటారు. రచయితకూ చిత్రకారుడికీ మధ్య నిలబడి ఇద్దరికీ నచ్చజెప్పే మనిషి. కుటుంబరావు చేసింది అదే. తెలుగు బాగా వచ్చి, పిల్లలతో మసలిన అనుభవం ఉన్న టీచర్లు ఈ పనికి సరిగ్గా సరిపోతారు. అనువాదకులకు ఇప్పుడు మంచి అవకాశం ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వేదికలో పుస్తకాలు ఓపెన్ లైసెన్స్‌తో ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చదవచ్చు, తెలుగులోకి మార్చి అక్కడే పెట్టచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు అంచెలుగా విడదీసి ఉంటాయి కాబట్టి, మొదటి అంచె పుస్తకాలు నాలుగైదు అనువదించి చూస్తే మీ చేయి ఎంత తిరిగిందో మీకే తెలుస్తుంది. ఆ పనికి డబ్బులు రావు. కానీ తర్వాత ఏ ప్రచురణకర్తకైనా చూపించుకోవడానికి అచ్చమైన నమూనా అవుతుంది.

డీటీపీ చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గుంటూరు, విజయవాడ, ఒంగోలు ప్రెస్సుల్లో పేజీలు కట్టేవాళ్ల చేతిలో ఉన్న విద్య విలువ వాళ్లకే తెలియదు. తెలుగు అక్షరానికి పైన గుడులు, తలకట్లు, కింద వత్తులు. ఇంగ్లిషు పుస్తకానికి కొలిచిన పెట్టెలో తెలుగు పోస్తే పై లైను వత్తు కింది లైను గుడిని తగులుతుంది. ఐదేళ్ల పిల్ల కూడబలుక్కుంటూ చదివేటప్పుడు అక్కడే ఆగిపోతుంది. లైన్ల మధ్య ఎడం ఎంతుండాలి, బొమ్మ మీద అక్షరం ఎక్కడ కూర్చోవాలి అన్నది తెలిసిన తెలుగు డిజైనర్ల కోసం బయటి రాష్ట్రాల ప్రచురణ సంస్థలు వెతుక్కుంటాయి. మండలి, సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను ఫాంట్లతోనే ఆగిపోయినవాళ్లు యూనికోడ్‌లోకి రావాలి, ఇన్‌డిజైన్ నేర్చుకోవాలి. అంచుల్లో మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, 300 డీపీఐ, సీఎంవైకే రంగులు అన్న మూడు సంగతులు చిత్రకారుడికి తెలియకపోతే చెప్పాల్సింది కూడా మీరే.

చదువు సంగతి. పదో తరగతిలో ఉన్నవాళ్లు ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, ఆ తర్వాత హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయడం మంచిది. డ్రాయింగ్ టీచర్ ఉద్యోగాలకు అవి ఉపయోగపడతాయి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. ఇక గుంటూరువాళ్లు కూడా చాలామంది గమనించని సంగతి: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ మన ఇంటి పక్కనే ఉంది. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైంది. శాశ్వత క్యాంపస్ తుళ్లూరు మండలం శాఖమూరులో. అక్కడి బీడిజైన్‌లో కమ్యూనికేషన్ డిజైన్ తీసుకుంటే బొమ్మ, అక్షరం, పుస్తకం మూడూ కలిపి నేర్చుకోవచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. ప్రవేశానికి డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు. వయసు, ఫీజు, రిజర్వేషన్ వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్, ఎండిజైన్‌కు సీడ్ రాయాలి. పిల్లలతో పుస్తకాలు చదివించే పని ఇష్టమైతే టాటా ట్రస్ట్స్ వారి పరాగ్ లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు ఒకటుంది.

కోర్సు లేకుండా వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. బాపు చదివింది లా. ‘బాల’ పత్రికలో చిన్నప్పుడే బొమ్మలు అచ్చు చూసుకున్న ఆయన, అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేశారు, పత్రికల్లో కార్టూన్లు వేశారు. ‘బుడుగు’ను ముళ్లపూడి మాటలు ఎంత బతికించాయో, బాపు గీత అంతే బతికించింది. వడ్డాది పాపయ్య బతుకు తెరువు కోసం డ్రాయింగ్ మాస్టారిగా పనిచేసినవారు. కశింకోటలో కూర్చుని వేసిన ఆయన ముఖచిత్రాలు తెలుగు దేశమంతా గోడలకెక్కాయి.

డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. ఒక్క బొమ్మల పుస్తకం పూర్తి చేయడానికి నెలలు పడుతుంది. మొదటి ఏళ్లలో వీటి మీదే ఇల్లు గడవడం కష్టం. పాఠ్యపుస్తకాల బొమ్మలు, దినపత్రికల పిల్లల పేజీలు, యానిమేషన్ స్టూడియోలు, స్వచ్ఛంద సంస్థల బోధన సామగ్రి, బడిలో ఉద్యోగం, వీటిలో ఏదో ఒకటి పక్కన ఉంచుకోండి. అమ్మానాన్నలకు కూడా ఇదే మాట చెప్పండి. జీతం వచ్చే పని ఒకటి, పేరు వచ్చే పని ఒకటి, కొన్నేళ్లకు రెండూ ఒకటయ్యే అవకాశం ఉందని వివరిస్తే వింటారు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. 2016లో మొదలైన బిగ్ లిటిల్ బుక్ అవార్డులో చిత్రకారులకు విడిగా పురస్కారం ఉంది.

ఒప్పందం దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఎవరో తెలిసినవాళ్లు, నోటిమాట, ‘బొమ్మకింత’ అని చేతిలో పెట్టిన డబ్బు, అంతే. పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా మళ్లీ ఫోను రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకూ బొమ్మకూ హక్కు సృష్టికర్త జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంతకాలానికో కాగితంలో రాయకపోతే ఐదేళ్లకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికేనని చట్టమే చెబుతోంది. ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మ హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ విషయంలోనూ చిక్కులున్నాయి. అందుకే ప్రతిదీ రాతలో ఉండాలి. ఇస్తున్నది ఏకమొత్తమా, అడ్వాన్సూ రాయల్టీనా? రాయల్టీ అయితే ముద్రిత ధర మీదా, అమ్మకం సొమ్ము మీదా? ఇతర భాషల అనువాదాలు, ఆడియో, యానిమేషన్ హక్కులు ఎవరివి? అసలు బొమ్మలు తిరిగి ఇస్తారా? ఓపెన్ లైసెన్స్ సంస్థలకు పనిచేస్తే, మీ బొమ్మను ప్రపంచంలో ఎవరైనా మీ పేరు చెప్పి వాడుకోవచ్చని ముందే తెలిసి సంతకం పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ముఖచిత్రం మీద రచయిత పేరు పక్కనే చిత్రకారుడి పేరు ఉండాలని రాయించుకోండి. లోపలి పేజీలో చిన్నక్షరాల్లో వేస్తామంటే ఒప్పుకోవద్దు. దాసరి సుబ్రహ్మణ్యం కాలం పోయింది. ఈ తరం పిల్లలకు పుస్తకం చేసినవాళ్ల పేర్లు పుస్తకంతోపాటే తెలియాలి.

కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే బొమ్మ వేసిపెట్టే కాలం కదా, ఇంకా ఈ వృత్తి ఎందుకని అడిగేవాళ్లున్నారు. భయం సహజం. కొన్ని చవకరకం పనులు ఇప్పటికే పోతున్నాయి. కానీ మంచి పిల్లల ఎడిటర్లు అడిగేది తుది బొమ్మ ఒక్కటే కాదు, దాని వెనకున్న చిత్తుగీతలు కూడా. మేకను అదిలిస్తున్న పాప ఏ వైపు నిలబడాలో, ఎందుకు నిలబడాలో చెప్పగలిగినవాళ్లే వాళ్లకు కావాలి. ఆ జవాబు కళ్లంలో గంటలకొద్దీ కూర్చుని గీసినవాళ్ల దగ్గర ఉంటుంది.

చదవకుండా ఎవరూ ఈ పనిలో నిలబడలేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం, పాత పత్రికల నిధి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. విజయవాడ పుస్తక ప్రదర్శన ఏటా జనవరిలో జరుగుతుంది. పిల్లల స్టాళ్లలో నిలబడి ప్రచురణకర్తల పేర్లు, పుస్తకాల సైజులు, కాగితం, చిత్రకారుల పేర్లు నోటు చేసుకోండి. పనిలో పనిగా అక్కడి ఎడిటర్లతో మాట్లాడండి, జనం పల్చగా ఉండే మధ్యాహ్నం వేళ వెళితే తీరిగ్గా మాట్లాడతారు.

ప్రచురణకర్తలకు పంపాల్సింది ఏమిటంటే, పది పన్నెండు బొమ్మల పోర్ట్‌ఫోలియో, ఒకే పీడీఎఫ్‌లో. అందులో ఒకే పాప నవ్వుతూ, ఏడుస్తూ, పరుగెడుతూ, వెనక నుంచి, దూరం నుంచి కనిపించాలి. ఏ బొమ్మలోనైనా ఆమే అని గుర్తుపట్టేలా ఉండాలి. దేవుళ్ల బొమ్మలు, సినిమా హీరోల పోలికల బొమ్మలు ఎంత బాగా వచ్చినా పక్కన పెట్టండి. పిల్లలు, జంతువులు, జనం గుమిగూడిన ఒక దృశ్యం, ఒక ఖాళీ వీధి ఉండాలి. రంగులు పూర్తయిన రెండు జంట పేజీలు, మొత్తం కథ చిత్తు డమ్మీ జత చేయండి. రచయితలైతే కథ ఒక్కటే పంపండి, మీకు నచ్చిన బంధువుతో బొమ్మలు వేయించి పంపక్కర్లేదు. చిత్రకారుడిని ఎడిటర్ వెతుకుతారు. పంపేముందు ఆ సంస్థ వెబ్‌సైట్లో కథలు ఎప్పుడు తీసుకుంటారో చూడండి, కొందరు ఏడాదిలో కొన్ని నెలలే తీసుకుంటారు. మూడు నెలలు దాటినా జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. అదే కథను వేరొకరికి పంపదలిస్తే మొదటివాళ్లకు ఆ సంగతి చెప్పి పంపండి.